ముందు తడవమన్న సార్

మా తెలుగు సార్ పోయారన్న కబురు నాకు అత్తాపూర్‌లో, నేను పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్ రూంలో ఉండగా తెలిసింది. శంషాబాద్ బస్టాండు దగ్గర జెరాక్స్ దుకాణం నడిపే నా చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. "తెలుగు సార్ పోయిండే. పొద్దుగాల నమాజ్ చేసుకొని, చాయ్ తాగి, పేపర్ పట్టుకొని కూసున్నడంట. గట్లనే పోయిండు. సాయంత్రం తీస్కపోతరంట, జల్ది రా" అంది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. చేతిలో పేపరు ఉండగా పోయారన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. డెబ్బై దాటిన మనిషి, ఎవరిచేతా సేవ చేయించుకోకుండా, ఇష్టమైన పనిలో ఉండగా వెళ్ళారు. ఎలా పోవాలో కోరుకోమంటే ఆయన ఇదే కోరుకునేవారు.

సార్ ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో చెప్పేది తెలుగు. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయులు ఇది విని ఆశ్చర్యపోతే ఆయన ఒకటే జవాబు చెప్పేవారు. "మా అమ్మీ పనికి పోతూ నన్ను పక్కింట్ల ఇడిచిపెట్టేది. ఆ ఇంట్ల తెలుగు దొరికింది, తెచ్చుకున్న." ఆ తర్వాత సుద్దముక్కకు కాగితం చుట్టుకుని బోర్డు వైపు తిరిగేవారు.

నేను పదో తరగతి చదివేనాటికి మా ఊళ్ళో విమానాశ్రయం తెరిచి ఎంతో కాలం కాలేదు. వ్యాసం ఏదైనా సరే, మేమంతా అందులో ఒక విమానాన్ని ఎగరేసేవాళ్ళం. విమానం అంటే ఆశ, విమానం అంటే భవిష్యత్తు. సార్ నలభై వ్యాసాలూ దిద్ది తెచ్చి బల్ల మీద పెట్టి, "నలభై మంది రాసిండ్రు. ఒక్కరు గూడ దాని చప్పుడు రాయలే" అన్నారు. అప్పుడే ఒకటి బడి మీదుగా పోయింది. ఆయన మాట్లాడడం ఆపి, అది దూరమయ్యేదాకా నిలబడ్డారు. "గిదీ విమానం. నా పాఠం మధ్యల ఆపుతది. ముందు దీన్ని రాయుండ్రి. ఆశ ఎట్లైనా ఎనకనే వస్తది."

ఆ మాట పట్టుకునే నేను నా మొదటి కథ రాశాను. పంట వేయని చేలో ఒక దిష్టిబొమ్మ ఉంటుంది. చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయిపోతాయి. కాపలా కాయడానికి ఏమీ లేకపోయినా అది కదలదు, గోధుమ రంగు కోటు తొడుక్కుని అక్కడే నిలబడుతుంది. మొదట్లో భయపడ్డ పిచ్చుక ఒకటి చివరికి దాని చిరిగిన జేబులో గూడు పెట్టుకుంటుంది. అంతే కథ. సార్ దాన్ని బడి గోడపత్రికలో అంటించారు.

వారం తిరక్కుండానే గొడవ వచ్చింది. మా బాపు దర్జీ. ఆయన మిషను పెట్టుకున్న మల్గీ, అంటే కిరాయి దుకాణం గది, దగ్గర్లోని మంఖాల్ ఊళ్ళో ఉండే ఒక పెద్దాయనది. ఎండాకాలంలో కూడా గోధుమ రంగు కోటు వేసుకునే మనిషి, చుట్టూ అందరూ అమ్ముకుంటున్నా తన చేను అమ్మని మనిషి. ఆయన మనవరాలు మా బడిలోనే చదివేది. కథ చదివి ఇంటికి పోయి, "తాతా, నిన్ను దిష్టిబొమ్మని రాసిండ్రు" అని చెప్పింది. మర్నాడే బాపుకు కబురు వచ్చింది, నెలాఖరుకు మల్గీ ఖాళీ చేయమని.

బాపు నన్ను తిట్టలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండింది. నన్ను వెంటబెట్టుకుని సార్ దగ్గరికి వచ్చి, "కాగితం చింపెయ్యుండ్రి సార్. పిల్లతోని మాఫీ అడిగిపిస్త. గా మల్గీ పోతే నాకు ఇంకో జాగ లేదు" అన్నాడు.

సార్ నా వైపు తిరిగారు. "నిజం చెప్పు బిడ్డా. ఆయన్ని మనసుల పెట్టుకొని రాసినవా?"

"లేదు సార్. కోటు ఒక్కటే ఆయనది. బాపు దగ్గరికి కుట్టుకు వచ్చింది. జేబు చిరిగి ఉంటే చూసిన."

సార్ నవ్వారు. "నువ్వు కోటును పిలిచినవు. కోటు ఎనకాల ఆయన నడిచొచ్చిండు. ప్రతీకలు గిట్లనే వస్తయి, చెప్పి రావు." తర్వాత బాపుతో అన్నారు. "మాఫీ అడగొద్దని నేననను. కానీ ఆయన కథ ఇనలేదు. మనవరాలు చెప్పింది ఇన్నడు. ముందు కథ ఇననియ్యి. ఇన్నంక గూడ కోపమొస్తే, పిల్లతోపాటు నేను గూడ మాఫీ అడుగుత. గోడకు అంటించింది నేనే గదా."

ఆదివారం ముగ్గురం షేర్ ఆటోలో మంఖాల్ పోయాం. పెద్దాయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఒంటి మీద ఆ కోటే ఉంది. మమ్మల్ని కూర్చోమనలేదు. నన్ను చూసి నేరుగా అడిగాడు.

"పిల్లా, గా బొమ్మ నేనేనా?"

సార్ ముందుకు వచ్చి, "పటేలా, జర ఇను. ఇన్నంక అడుగు" అని నిలబడే కథ చదివారు. బడిలో పద్యం చదివినట్టు కాదు, ఎవరో ఇంటికి రాసిన ఉత్తరం చదివినట్టు చదివారు. ప్లాట్లకు పాతిన రాళ్ళ మధ్య బొమ్మ ఒంటరిగా నిలబడే చోట పెద్దాయన తల వంచుకున్నాడు. పిచ్చుక జేబులో గడ్డిపరకలు పేర్చే చోట తల ఎత్తాడు. కథ అయిపోయాక చేత్తో కోటు జేబు తడుముకున్నాడు.

"ఆఖరుకు పిట్ట భయపడలేదా?" అని అడిగాడు.

"లేదు తాతా" అన్నాను.

"కాపలా కాసేతందుకు ఏం లేకున్నా అది నిలవడ్డదంటవు."

"అవును."

ఆయన కోటు సర్దుకున్నాడు. "గట్లయితే నేనే అనుకోనియ్యి. ఏమైతది" అన్నాడు. లోపలికి కేకేసి మాకు చాయ్ తెప్పించాడు. మేము లేచేటప్పుడు బాపుతో, "నువ్వు జేబు కుట్టి ఇచ్చినవు గానీ, లేకుంటె నాకు గూడ పిట్ట దొరుకుతుండె" అన్నాడు. బాపు నవ్వడం ఆ వారంలో అదే మొదటిసారి. మల్గీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బాపు ఇప్పటికీ అక్కడే కుడుతున్నాడు.

తిరుగు ప్రయాణంలో నేను సార్‌ను అడిగాను. నేను అనుకోని అర్థాన్ని ఆ పెద్దాయన ఎలా తీసుకోగలిగాడని. సార్ బయటికి చూస్తూ చెప్పారు. "నీ కథల ఆయనకు కూసునే జాగ దొరికింది. అన్నీ నువ్వే చెప్పి ఉంటే ఆయన యాడ కూసుంటడు?" ఈ పదిహేనేళ్ళలో ప్రతీకల గురించి, అన్యాపదేశం గురించి ఎన్నో పుస్తకాలు చదివాను. ఈ మాటను దాటి నాకు ఏదీ పెద్దగా అవసరపడలేదు.

నేను లెక్చరర్‌ను అయ్యాక ఒకసారి ఆయన్ను మా కాలేజీకి పిలిచాను. అప్పటికి రిటైరయి చాలా కాలమైంది. చెవులు కొద్దిగా మందగించాయి. అయినా ముందు బెంచీ మీద కూర్చుని పిల్లలతో కథ చదివించుకున్నారు. నాగలి వదిలేసి వానలో నిలబడిపోయిన ఒక రైతు కథ అది. చదవడం కాగానే ఒక అమ్మాయి పెన్ను తెరిచి, "సార్, ఇందులో వాన దేనికి ప్రతీక?" అని అడిగింది. రాసుకోవడానికి సిద్ధంగా ఉంది. సార్ ఆమెను ఆప్యాయంగా చూశారు.

"ముందు తడువు బేటా. ఆరినంక అర్థం చూద్దాం."

క్లాసంతా నవ్వింది, ఆ అమ్మాయి కూడా. పెన్ను మూసి, కథ మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. పరీక్షలో ఆమె ఏం రాసిందో నాకు గుర్తు లేదు. ఆ రెండోసారి చదివినప్పుడు ఆమె ముఖం గుర్తుంది.

ఆయన పోయిన రోజు నేను చేరేసరికి ఇల్లంతా పాత విద్యార్థులే. ఆటో నడిపేవాళ్ళు, విమానాశ్రయంలో పనిచేసేవాళ్ళు, కూరగాయలు అమ్మే అక్కలు. మగవాళ్ళు భుజం మార్చుకుంటూ ఆయన్ను తీసుకుపోయారు. మేము ఆడవాళ్ళం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాం. మాకు తెలుగు నేర్పినందుకు కృతజ్ఞత చెప్పాలని ఉండింది నాకు. ఎవరికి చెప్పాలో తెలియక, మేము చాచీ అని పిలిచే ఆయన భార్య చేయి పట్టుకుని కూర్చున్నాను.

మళ్ళీ మూడు వారాలకు వెళ్ళాను. చాచీ నన్ను వరండాలో కూర్చోబెట్టి, పెరట్లో కాసిన సీతాఫలాలు రెండు తెచ్చింది. "పండినయి. ఇయ్యాల తినకుంటె పాడైతయి" అంది. ఒకటి విప్పి సగం నాకిచ్చి, సగం తను తీసుకుంది. ఇద్దరం తిన్నాం. చాలా తియ్యగా ఉంది. మా మధ్య ఉన్న సాసరులో నల్లటి గింజలు తడిగా మెరుస్తూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.