పాసింజరు బండి ఊరు చేరేదాకా

నా చిన్నప్పుడు మేము హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్న యార్డులో పనిచేసేవారు. మా వరసలో అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలవాళ్ళే. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, యార్డులో హిందీ. ఏ భాషలో ఏడవాలో కూడా మేము అవతలి మనిషిని చూసి ఎంచుకునేవాళ్ళం.

మా నాయనమ్మ దగ్గర ఒక చిన్న సీసా ఉండేది. ఊళ్ళో సభలకు వెళ్ళినప్పుడు పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె అది. అయిపోవస్తుంటే కొత్త నూనె కలిపి మళ్ళీ ప్రార్థన చేయించేది. జ్వరమొచ్చినా, కాలు బెణికినా, పరీక్షకు వెళ్తున్నా మా వరసలో ఎవరికైనా ఆ సీసా మూత తీయాల్సిందే. నాయనమ్మ మాటకు ఎదురు చెప్పిన మనిషిని నేను చూడలేదు, మా నాన్నతో సహా. గడుసు మనిషే గానీ, ఎవరింట్లో కష్టమొచ్చినా చెప్పులు వేసుకోవడం కూడా మరచిపోయి పరిగెత్తేది.

మా పక్క క్వార్టర్లో పిన్ని ఉండేది. చుట్టరికం లేదు, పిలుపే. ఆవిడ కూతురు నా ఈడుది, నాకు ఆటల్లో జంట. నా చెయ్యి కాలడానికి ముందటి ఏడు గంజి వారుస్తుంటే గిన్నె జారి ఆ పిల్లకి నడుము నుంచి మోకాలి దాకా కాలింది. ముందుగా పరిగెత్తింది మా నాయనమ్మే. సీసాలో ఉన్నదంతా ఒంపి రాసి, గుడ్డ చుట్టి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా ప్రార్థించింది. మర్నాటికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకువెళ్ళారు గానీ పిల్ల తిరిగి రాలేదు. దేవుడు పిలుచుకున్నాడని అందరూ అన్నారు. పిన్ని ఏమీ అనలేదు. నేను మాత్రం చాలా రోజులు అలవాటు కొద్దీ గచ్చకాయలు పట్టుకుని వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, గుర్తొచ్చి వెనక్కి వచ్చేసేదాన్ని.

ఇక నా చెయ్యి కాలిన రోజు సంగతి. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూటం. పాటలయ్యాక టీ ఇవ్వడం పిల్లల పని. నాకు పెద్దదాన్నయిపోయానని చూపించుకోవాలని ఉబలాటం. గ్లాసులన్నీ ఒకే పళ్ళెంలో సర్దుకుని బయల్దేరాను. గడప దగ్గర పళ్ళెం ఒరిగి, మరిగే టీ నా కుడిచేతి మీద పడింది. నా అరుపుకి చాపల మీదున్న వాళ్ళంతా లేచారు. నాయనమ్మ అప్పటికే సీసా మూత తీసేసింది.

అప్పుడు పిన్ని మధ్యలోకి వచ్చింది. నా మోచెయ్యి పట్టుకుని నెమ్మదిగా తన వైపు తిప్పుకుంది. మామూలు గొంతుతోనే అంది:

"నూనె నెత్తికి రాయండత్తా. పేర్దన నెత్తి మీదే కదా సేత్తారు. సేతికి నాను నీల్లు పోత్తాను."

వద్దని అనలేదు. తప్పని అనలేదు. అంతమంది ముందు నాయనమ్మ చేతిలో సీసా అలాగే ఉండనిచ్చింది, దాన్ని ఎక్కడ వాడాలో మాత్రం మార్చింది. నాయనమ్మ ఏమనుకుందో గానీ, నా నుదుటికి నూనె అద్ది కళ్ళు మూసుకుంది.

కుళాయి సాయంత్రం గానీ రాదు. పిన్ని తన ఇంటి వెనక పీపా దగ్గర నన్ను కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. నీళ్ళు పడుతున్నంతసేపూ హాయి, ఆగితే మంట. నేను గింజుకుంటుంటే ఆటగా ఊరెళ్దామంది. హౌరాలో బండెక్కాం, తరవాత స్టేషను చెప్పమంది. రైల్వే పిల్లలకు అది నోటికొచ్చిన పాఠం. ఖరగ్‌పూర్, బాలేశ్వర్ అని గబగబా అందుకున్నాను.

"ఇది మెయిలు కాదే గుంటా, పాసింజరు. అన్ని సోట్లా ఆగుద్ది," అంది.

సరేనని ఆందుల్, ఉలుబేరియా, బాగ్నాన్, కోలాఘాట్ అంటూ మొదలుపెట్టాను. ఒక్కో స్టేషనుకీ ఒక్కో చెంబు. నేనేదైనా దాటేస్తే బండిని వెనక్కి తెచ్చేది. సిగ్నలు పడలేదని కొన్నిచోట్ల ఊరికే నిలబెట్టి రెండు మూడు చెంబులు పోసేది. కటక్ దాటేసరికి ఏడుపు ఆపేశాను. పీపా అడుగు కనిపిస్తోంది. వెనక నిలబడ్డ వాళ్ళలో ఒకావిడ, నీళ్ళు పోస్తే బొబ్బలెక్కుతాయేమో అంది. కాలితే ముందు నీళ్ళే పోయాలని ఆసుపత్రిలో చెప్పారని పిన్ని తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

ఏ ఆసుపత్రో, ఎప్పుడు చెప్పారో ఎవరూ అడగలేదు. వాళ్ళ మధ్య నిలబడ్డ నాయనమ్మ ప్రార్థన సగంలో ఆగిపోయింది.

బండి, ఊరికి మేము దిగే పలాస చేరింది. పిన్ని ఉతికిన పాత పంచె ముక్క చేతిమీద వదులుగా కప్పి, బొబ్బ వస్తే గిల్లవద్దని చెప్పి, నన్ను తన గుమ్మంలో కూర్చోబెట్టింది. కూటానికి వచ్చిన వాళ్ళంతా వెళ్ళిపోయాక నాయనమ్మ అక్కడికి వచ్చింది. అంత గట్టి మనిషి ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"నీ గుంటకి ఆ నూనె రాసింది నానే కదే," అంది.

పిన్ని, "మీరూ పేమతోనే రాసినారత్తా," అంది.

నాయనమ్మ ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. పిన్ని ఆవిడ భుజం పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళి మంచినీళ్ళిచ్చింది. పిల్లను పోగొట్టుకున్న మనిషి ఓదారుస్తోంది, పోగొట్టిన మనిషి ఓదార్పు పొందుతోంది. పెద్దయ్యాక నాకు ఒక్కోసారి పిన్ని మీద కోపం కూడా వచ్చేది, తెలిసీ అంతకాలం అదంతా గుండెలో ఎలా పెట్టుకుందా అని. అనేస్తే నాయనమ్మ ఏమైపోతుందో పిన్నికి తెలుసు. నా చెయ్యి కాలకపోతే ఎప్పటికీ చెప్పేదే కాదు.

ఆ తర్వాత కూడా నాయనమ్మ సీసా మానలేదు. నుదుటి వరకే వాడేది. కాలితే ముందు నీళ్ళు పోయండని వరసలో ప్రతి తల్లికీ చెప్పేది, ఎందుకో మాత్రం చెప్పేది కాదు. పిన్ని వాళ్ళు బాబాయి రిటైరయ్యాక హౌరాలో బండెక్కి ఊరెళ్ళిపోయారు. వెళ్ళేముందు పిన్ని నాయనమ్మను ఒక్కటే అడిగింది, పిల్ల సమాధి చూస్తూ ఉండమని. నాయనమ్మ ఉన్నంతకాలం చూసింది. ఆవిడ తర్వాత నేను చూస్తున్నాను.

మొన్న మా మనవరాలికి కుక్కరు ఆవిరి తగిలితే కుళాయి కింద చెయ్యి పెట్టించి, పాసింజరు బండి ఎక్కించాను. నీకెప్పుడూ కాలలేదా నాన్నమ్మా అని అడిగింది. నా కుడిచెయ్యి చూపించాను. అటూ ఇటూ తిప్పి, మచ్చ ఏదీ అంది. లేదు. పిన్ని పోసిన నీళ్ళ గుర్తు అదే.

ఏటా సమాధుల పండుగకి ఆ చేత్తోనే ఆ చిన్న సమాధి కడుగుతాను. మట్టి పోవడానికి రెండు చెంబులు చాలు. నాకు మాత్రం పలాస వచ్చేదాకా ఆపబుద్ధి కాదు.