కాలు కింద పెట్టని కైలాసం

సినిమా రెండో ఆట వదలగానే జనం ఇళ్లకు పోకుండా సర్కస్ మైదానం దారి పట్టారు. ఎనభై ఆరు ఎండాకాలంలో కరీంనగర్‌కు అదే అలవాటైంది. పగలంతా తలుపులు బిడాయించుకుని పడి ఉండటం, పొద్దుగూకాక బయటపడి రంగులరాట్నం ఎక్కడం, మిరపకాయ బజ్జీలు తినడం. చివరికి మైదానం నడుమ వేసిన వెదురు కంచె చుట్టూ మూగి, లోపల ఆగకుండా సైకిల్ తొక్కుతున్న కైలాసాన్ని చూడటం.

మొన్న పొద్దున సైకిల్ ఎక్కినవాడు ఇంకా దిగలేదు. తిండి దాని మీదే, స్నానం దాని మీదే. గడ్డం గీసుకున్నదీ దాని మీదే. చాటు అవసరమైనప్పుడు దోస్తులిద్దరు చెరో పక్క దుప్పటి పట్టుకుని తోడు తొక్కేవారు, బయట కుర్రకారు ఈలలు వేసేవారు. నిద్ర ఒక్కటే దాని మీద కుదరని పని. ఇది ఆఖరి రాత్రి. తెల్లవారి పది గంటల దాకా పాదం నేలకు తగలకపోతే గెలిచినట్టు. తగిలితే పని వెతుక్కుంటూ మళ్లీ భీమండి బస్సు ఎక్కాల్సిందే.

కైలాసం సిరిసిల్ల వాడు. తండ్రి చేతిమగ్గం నేసి నేసి, వంగిన నడుముతోనే కన్నుమూశాడు. కైలాసం మీసం రాకముందే సాంచాల కార్ఖానాలో రాత్రి పనికి కుదిరాడు. చిన్నప్పుడు ఇంట్లో చేతిమగ్గానిది ఒక చప్పుడు, ఇక్కడ కరెంటు మగ్గాలైన సాంచాలది మరో చప్పుడు. ఆ చప్పుడులోనే పెరిగాడు, ఆ చప్పుడులోనే గోడకు చేరగిలి కునుకు తీశాడు. నడుమ రెండేళ్లు భీమండి పోయి సాంచాలు నడిపాడు. ఒక్క గదిలో పన్నెండు మంది. ఒకడు లేస్తే ఆ చాప మీద ఇంకొకడు పడుకోవాలి. దగ్గు పట్టుకుని తిరిగొచ్చాడు. మళ్లీ పోనని ఇంటి గడప మీద చెయ్యి వేసి చెప్పాడు.

ఇక్కడ ఏం సుఖముందని ఎవరైనా అడిగితే అతని దగ్గర ఒకటే జవాబు: కరెంటు సెలవు దినం. ఆ రోజు సాంచాలు ఆగేవి. కైలాసం, వెంకటి, బాలమల్లు కిరాయి సైకిళ్లు తీసుకుని మధ్యాహ్నం ఎండ చల్లబడకముందే బయల్దేరేవారు. వేములవాడ దాటాక తాటివనంలో ఆగి ఒక లొట్టి కల్లు, వెంకటి పాట, బాలమల్లు నసుగుడు. దీపాలు పెట్టే వేళకు కరీంనగర్. ఊరంతా తిరిగి, రెండో ఆట చూసి, మానేరు ఇసుకలో ఒరిగి, తెల్లవారుజామున మళ్లీ తొక్కుకుంటూ పనికి. పెళ్లయిన ఏడాది బాలలక్ష్మిని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. వీధి వీధంతా నెల్లాళ్లు నవ్వింది. బాలలక్ష్మి కూడా నవ్వింది గానీ, మరుసటి సెలవుకు తనే ముందు తయారై నిలబడింది.

ఈ ఏడు కరెంటు సెలవులు వారానికి ఒకటి కాదు, మూడు నాలుగు అయ్యాయి. కార్ఖానా ఆసామి మనుషులను తగ్గించాడు. తగ్గినవాళ్లలో కైలాసం ఒకడు. భీమండి నుంచి బావమరిది వచ్చెయ్యమని కబురు పంపాడు. బాలలక్ష్మికి మూడో నెల. అలాంటి వేళ కరీంనగర్‌లో ఎండాకాలపు ఎగ్జిబిషన్ కాంట్రాక్టు పట్టిన ఉపేందర్‌రావు, ఏటా వచ్చే సైకిల్ ఆటగాడు ఈసారి రాలేదని తల పట్టుకున్నాడని విని, వెంకటి ఎదురుపోయి చెప్పాడు.

"మా కైలాసన్న ఉన్నడు సార్. సైకిల్ మీద పుట్టిండు."

ఉపేందర్‌రావు మైకు అందుకుని పదిమంది ముందు మాట ఇచ్చాడు. "దిగకుంట తొక్కితె బస్టాండు కాడి నా ముల్గి కైలాసానికే. సైకిళ్లు గూడ నేనే పెట్టిస్త. కిరాయికిచ్చుకుని బతుకుతడు."

బస్టాండు పక్కన సొంత దుకాణం! ఆ మాట పట్టుకునే కైలాసం మూడు రాత్రులుగా తిరుగుతున్నాడు.

ఇప్పుడు అతని సైకిల్ వంకర పోవడం మొదలైంది.

"కైలాసం! అరేయ్ కైలాసం!" పక్కన తొక్కుతున్న బాలమల్లు కేకేశాడు. తోడు తొక్కవచ్చు, మాట్లాడవచ్చు, ముట్టుకోకూడదు. అది ఆట కట్టుబాటు.

"ఆఁ... ఉన్న, ఉన్న" అన్నాడు కైలాసం. కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో చూపు లేదు.

రెండో పక్కనుంచి వెంకటి మైకు వైపు చెయ్యి ఊపాడు. "అంబదాస్! పెంచు! గుండె అదరాలె!"

మైకు సెట్టు అంబదాస్‌ది. ఆదిలాబాద్ అవతల మరాఠీ ఊళ్ల నుంచి వచ్చి ఎగ్జిబిషన్లకు మైకులు కడుతుంటాడు. మీట తిప్పాడు. గుంజకు కట్టిన గొట్టాల్లోంచి పాట విరుచుకుపడింది. చూసేవాళ్లు చెవులు మూసుకుని నవ్వారు. వెంకటి తన సైకిల్ గంటను ఆపకుండా కొట్టసాగాడు. బాలమల్లు రేకు డబ్బా ఒకటి దొరికించుకుని హ్యాండిల్‌కు వేసి బాదాడు.

కైలాసానికి ప్రాణం హాయిగా ఉంది. పాట పాటలా వినబడటం లేదు. టకటకా టకటకా ఒకటే మోత. ఎదురుగా వరసగా సాంచాలు ఆడుతున్నాయి. పక్క సాంచ మీద బాలమల్లు ఉన్నాడు, వాడు చూసుకుంటాడు. గోడ చల్లగా ఉంది. ఒక్క నిమిషం వీపు ఆనిస్తే...

ముందు చక్రం వెదురు కంచెకు రాసుకుంది. కుడి కాలు పెడల్ మీంచి జారింది. జనం ఒక్కసారి "హో" అన్నారు. పాదం నేలకు జానెడు ఎత్తున వేలాడి, ఎలాగో మళ్లీ పెడల్‌ను వెతుక్కుంది.

"ఇంక పెంచు!" వెంకటి గొంతు చిరిగింది. "ఎంతుంటె అంత!"

"బంద్ చెయ్యుండ్రి!"

మైకు గుంజ మొదట్లో నీళ్ల బిందె, తడిగుడ్డ పెట్టుకుని కూర్చున్న బాలలక్ష్మి లేచి నిలబడింది. ఎవరికీ వినబడలేదు. ఆమె కంచె కిందినుంచి దూరి వెంకటి సైకిల్‌కు అడ్డం వచ్చింది.

"మైకు బంద్ చెయ్యుమంటున్న!"

"నీకేం పట్టింది వదినె? సప్పుడు లేకుంటె పండుకుంటడు!"

"సప్పుడుంటెనే పండుకుంటడు! కరెంటు పోయి సాంచాలు ఆగితె రాత్రి దిగ్గున లేసి కూసునేది ఎవరు? మొన్నటిదాంక నువ్వు గట్ల లేసినోడివి కాదా?"

వెంకటి గంట కొట్టడం ఆపాడు. బాలమల్లు చేతిలో రేకు డబ్బా ఆగిపోయింది. ఇద్దరూ సాంచాల వాళ్లే. మోత ఆగితే మెలకువ వచ్చే బతుకు వాళ్లది కూడా. మూడు రాత్రులుగా తామే దోస్తును జోకొడుతున్నారు.

"అంబదాస్, తియ్యి బై!" అన్నాడు వెంకటి.

అంబదాస్ చేతులు కట్టుకుని, బాలలక్ష్మిని తన మరాఠీలో వదినా అని పిలుస్తూ అన్నాడు. "నేను మైకు తీస్తె దొర నన్ను తీస్తడు. ఆయన ఉప్పు తింటున్న వైనీ, ఎట్ల జెయ్యాలె?"

ఉపేందర్‌రావు అప్పటికే వస్తున్నాడు. తెల్ల లాల్చీ, చంకలో టార్చిలైటు. విషయం వినగానే మొహం చిట్లించాడు.

"మైకు ఆగితె జనం పోతరు. రాట్నమోడు, బజ్జీలోడు, వీళ్లందరికి జవాబు నువ్వు చెప్తవా అమ్మా? ఇంటికి పొయ్యి పండుకో."

"మా ఆయన పడితె ఎట్ల దొరా?"

"పడితె పడ్డట్టు. ఆట అంటె అదే గద."

బాలలక్ష్మి ఆయన్ను వదిలి వెనుదిరిగింది. కంచె అవతలికి పోయి అంబదాస్ ఎదురుగా నిలబడింది. కన్నీళ్లు లేవు. ఊరికే నిలబడి చూసింది. వలయంలో కైలాసం తల ఛాతీ మీదికి ఒరిగింది. బాలమల్లు "కైలాసం, కైలాసం" అని గొణుగుతూ అతనికి అంగుళం దూరంలో ముట్టుకోకుండా తొక్కుతున్నాడు.

అంబదాస్ ఆమెను చూశాడు, దొరను చూశాడు, వెనక్కి చెయ్యి పోనిచ్చి వైరు లాగేశాడు.

మైదానం మీద నిశ్శబ్దం పడింది.

"ఫ్యూజు పోయింది దొరా."

"లైట్లన్ని వెలుగుతున్నయ్ గదరా!"

"మైకుదొక్కటే పోయింది. గరం అయ్యింది పాపం."

కైలాసం ఎవరో చరిచినట్టు తల ఎత్తాడు. కాలు గట్టిగా పడింది, సైకిల్ దారికొచ్చింది.

"కరెంటు పోయిందా?" అని అడిగాడు.

జనం పగలబడి నవ్వారు. అతనికి అంతా వినబడుతోంది: గొలుసు కిరకిర, నూనెలో బజ్జీ చిటచిట, ఎక్కడో పసిపిల్ల ఏడుపు. సాంచాలు లేవు. తాను ఎక్కడున్నాడో తెలిసింది. బాలలక్ష్మి తడిగుడ్డ విసిరితే పట్టుకుని మొహం తుడుచుకున్నాడు.

పాట లేక జనం పలచబడ్డారు. రాట్నం ఆగింది. ఉపేందర్‌రావు టార్చిలైటు అరచేతిలో కొట్టుకుంటూ, "పొద్దుగాల మాట్లాడుదం" అని వెళ్లిపోయాడు. ఆ మాట కైలాసం చెవిలో పడింది. ముల్గి ఇస్తాడో లేదోనన్న దిగులుకు తెల్లారేదాకా మళ్లీ కంటి మీదికి కునుకు రాలేదు.

తెల్లవారి పది గంటలకు మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఉపేందర్‌రావు కొత్త లాల్చీ తొడుక్కుని బంతిపూల దండతో వచ్చాడు. వెంట ముఖ్య అతిథిగా శ్యాంసుందర్‌రావు వకీలు. మాట ఇచ్చినవాడే దండ వేసి, చేయి పట్టి దింపాలి. అప్పుడే ఆట ముగిసినట్టు. అదీ కట్టుబాటే.

మైకు మళ్లీ పనిచేసింది. "మన కైలాసం జిల్లా పేరు నిలబెట్టిండు!" అన్నాడు ఉపేందర్‌రావు. చప్పట్లు మోగాయి. "వచ్చే వారం జగిత్యాలల తొక్కుతడు. ఆ తర్వాత లక్సెట్టిపేట, ఆసిఫాబాద్. ముల్గి ముచ్చటంటరా, రాత్రి నాకు నష్టమైంది, గది తర్వాత చూద్దం. రా బిడ్డ, దిగు."

దండ పట్టుకుని చేతులు చాచాడు. సైకిల్ అతని దగ్గరిదాకా వచ్చింది. వచ్చి, పక్కకు కోసుకుని ముందుకు పోయింది.

"అరే, దిగుమంటున్న!"

"ముల్గి, దొరా" అన్నాడు కైలాసం. గొంతు బొంగురు పోయింది.

"చూద్దమన్న గద!"

"చూసినంక దిగుత."

జనంలో గుసగుస లేచి, నవ్వై, మళ్లీ గుసగుసైంది. ఉపేందర్‌రావు దండతో వెంట నాలుగడుగులు వేసి, అది బాగుండదని ఆగాడు. "ఎన్ని దినాలు తొక్కుతవ్ రా?"

"అలవాటైంది సార్, దాని ఫికర్ మీరు పెట్టుకోకుండ్రి" అన్నాడు వెంకటి కంచె మీదినుంచి.

నవ్వులాటగా అన్నాడు గానీ వెంకటి కళ్లు కైలాసం కాళ్ల మీదే ఉన్నాయి. ఎడమ పిక్క రాయిలా గట్టిపడింది. ఒంటి కాలితో తొక్కుతూ రెండోది ఊరికే తిప్పుతున్నాడు. ఎండ నెత్తికెక్కుతోంది. చుట్టు చుట్టుకూ చూపు అంచుల్లో నలుపు కమ్మి విడిపోతోంది. ఇప్పుడు పడితే గెలిచిన ఆట కూడా పోతుంది. బాలలక్ష్మి చెంబుతో నీళ్లు విసురుతోంది. సగం అతని మీద, సగం దుమ్ములో పడుతున్నాయి.

రాట్నం వాళ్లు వచ్చి కంచె ఎప్పుడు విప్పుతారని అడిగారు. సామాను లారీ గేటు దగ్గర హారన్ కొడుతోంది. వకీలు గడియారం చూసుకున్నాడు.

"ఉపేందర్‌రావు" అన్నాడు మెల్లగా, "ముల్గి అని నువ్వు చెప్పింది మైకుల. మా ఇంటిదాంక వినబడ్డది."

ఉపేందర్‌రావు చుట్టూ చూశాడు. నవ్వే మొహాలు తగ్గాయి. వెనక వరసలో ఎవరో "ముల్గి ఇయ్యరాదుండ్రి" అన్నారు. ఇంకెవరో అందుకున్నారు. లాల్చీ జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి, ఒకటి ఊడదీసి వెంకటి మీదికి విసిరాడు.

"పట్టుకో! ఇగనన్న దింపుండ్రి వాన్ని!"

"దిగు కైలాసన్నా!" వెంకటి తాళంచెవి ఎత్తి చూపించాడు. "అయిపోయింది, దిగు!"

కైలాసం బ్రేకుల మీద వేళ్లు వేశాడు.

"జర ఆగు!" బాలలక్ష్మి వెంకటి చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. "గిది ఏ తలుపుదో ఎవరికెరుక? నేను తెరిచి చూసొస్త. అప్పటిదాంక దిగకు."

ఉపేందర్‌రావు ఏదో అనబోయాడు. బాలమల్లు అప్పటికే సైకిల్ తిప్పాడు. ఆమె వెనక క్యారియర్ మీద కూర్చుని కొంగు నడుముకు దోపుకుంది. జనం దారి ఇచ్చారు.

కైలాసం బ్రేకుల మీంచి వేళ్లు తీసి మళ్లీ తొక్కాడు. బస్టాండు ఎంతో దూరం కాదు. ఇదివరకు ఎన్నిసార్లు ఆ దారి తొక్కలేదు! క్లాక్ టవర్ దాటి ఉంటారు. రిక్షాలు అడ్డం వచ్చి ఉంటాయి. బాలమల్లు భయస్తుడు, మెల్లగా పోతాడు. పోనీ, మెల్లగానే పోవాలి, వెనక ఆమె ఉంది. తాళంచెవి పట్టకపోతే? పట్టకపోయినా ఆమె ఆ మాటే వచ్చి చెబుతుంది. అప్పుడు తాను ఏం చేస్తాడో అతనికే తెలియదు. గేటు ఎదురుగా వచ్చినప్పుడల్లా తల ఎత్తి చూశాడు. లారీ. మళ్లీ తిరిగాడు. లారీ. వెంకటి పక్కన చేరి తొక్కుతున్నాడు.

లారీ పక్కనుంచి సైకిల్ దూసుకొచ్చింది. బాలలక్ష్మి అది ఆగకముందే దూకింది. మోచేతుల దాకా తుప్పు, షట్టర్ మసి.

"తెరుచుకున్నది" అంది రొప్పుతూ. తర్వాత ఉపేందర్‌రావు వైపు తిరిగింది. "లోపల మీ వడ్ల బస్తాలున్నయ్ దొరా. సాయంత్రంలోపల తీయించుకోండ్రి, మాకు జాగ కావాలె."

కైలాసం బ్రేకు పట్టాడు.