వెనక కాలికి మూడు వేళ్లు

ఆ ఆదివారం మా తెలుగు ఫెలోషిప్‌లో ప్రార్థన ముగిశాక, హాల్లో కుర్చీలు మడిచి పెట్టేసి, ముగ్గురం నది పక్కన ట్రెయిల్ మీద కాసేపు నడుద్దామని వెళ్లాం. అక్టోబరు నెల. ఎండ ఉంది గానీ ఒంటికి తగలడం లేదు. కెనడాలో మేముండే ఈ లండన్‌లో ఆ రోజుల తర్వాత ఇక ఎండని నమ్మడానికి ఉండదు. ముందు నడుస్తున్న మా అమ్మాయి ఉన్నట్టుండి రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలబడింది. వెనక నుంచి సైకిల్ మీద వస్తున్నాయన విసుక్కుంటూ గడ్డిలోకి తిప్పుకుని వెళ్లిపోయాడు.

దారి మధ్యలో తాబేలు. అన్నం గిన్నె బోర్లించినంత ఉంది. ఉబ్బెత్తు చిప్ప, మట్టి రంగు, గొంతు దగ్గర కొంచెం పసుపు. కదలడం లేదు.

మావారు వంగి రెండు పక్కలా పట్టుకుని పైకెత్తారు. ఆయన ప్రకాశం జిల్లాలో పశువుల ఆసుపత్రి డాక్టరు. అంటే, అప్పట్లో. గేదెలు, ఎడ్లు, మేకలు ఎన్నిటికి పురుడు పోశారో ఆయనకే లెక్క తెలియదు. ఇక్కడ ఆయన కోళ్ల ప్లాంట్‌లో లైన్ మీద పని చేస్తారు. ఈ దేశంలో డాక్టరుగా పని చేయాలంటే పరీక్షలు వరసగా ఉన్నాయి. రాతపరీక్షలు పాసయ్యారు. నలుగురి ఎదుట కుక్కకి ఆపరేషన్ చేసి చూపించే ప్రాక్టికల్ దగ్గర పోయింది. మా అమ్మాయి అప్పుడు ప్రైమరీ స్కూల్లో ఉంది, ఇప్పుడు హైస్కూల్‌కి వచ్చింది. మళ్లీ వెళ్తాను అంటూనే ఉన్నారు.

పరుగెత్తుతున్న ఒకావిడ మా దగ్గర ఆగి, చెవిలో ఇయర్‌ఫోన్ తీసి, పాపం అది చలికాలం కోసం నీళ్లలోకి పోతున్నట్టుంది, నదిలో వదిలేయండి అని చెప్పింది. మాకూ అదే సబబనిపించింది. మావారు గట్టు దిగి, ఒడ్డున లోతులేని చోట దాన్ని నెమ్మదిగా వదిలారు.

అది ఈదలేదు. ఒక పక్కకి ఒరిగి, ఖాళీ గిన్నెలా తేలింది. మెడ చాపి నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఆయన బూట్లతోనే నీళ్లలోకి దిగి దాన్ని తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"ఇది నీళ్లలో బతికేది కాదు. పైగా ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరినట్టుంది. ఒక్క వైపే ఒరుగుతోంది చూడు."

"మరి ఏం చేద్దామండీ?"

"ఇంటికి తీసుకెళ్దాం. ఇక్కడ వదిలేస్తే రాత్రికి పోతుంది."

మా అమ్మాయి జాకెట్ విప్పి దానికి చుట్టింది.

ఇంట్లో అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి హీటర్ పక్కన పెట్టాం. అమ్మాయి బట్టలు కూడా మార్చుకోకుండా ఫోన్ పట్టుకుని ఆ పెట్టె పక్కనే నేల మీద కూర్చుంది. అరగంటకి కేక పెట్టింది.

"డాడీ! ఐ థింక్ ఇట్స్ ఎ బ్లాండింగ్స్!"

బ్లాండింగ్స్ అంటే ఈ ప్రాంతపు తాబేలే, తరిగిపోతున్న జాతి. గొంతు పసుపుపచ్చగా ఉంటుందట, చిప్ప ఉబ్బెత్తుగా ఉంటుందట. తాబేళ్లకి ప్రత్యేకంగా ఆసుపత్రి ఉంది, బ్లాండింగ్స్ అయితే వాళ్లే తీసుకుని వైద్యం చేసి, సరిగ్గా మనకి దొరికిన చోటే తిరిగి వదులుతారు. ఇదంతా మా అమ్మాయి ఇంగ్లీషులో గబగబా చెప్పింది. స్కూలు నుంచి వచ్చి తలుపు వేసుకునే పిల్ల అంతసేపు మాతో మాట్లాడి చాలా కాలమైంది. నాకు ఆ తాబేలు బ్లాండింగ్స్ అయితే బాగుండుననిపించింది.

మావారు దాని ముక్కు మీద వేలితో చిన్నగా తట్టారు. తల, కాళ్లు లోపలికి పోయాయి. కిందిచిప్ప మడతబందు ఉన్న తలుపులా లేచి పైచిప్పకి అతుక్కుపోయింది. సందు లేదు.

"బ్లాండింగ్స్ ఇట్లా పూర్తిగా మూసుకుంటుందా? చదువు."

అమ్మాయి చదివింది. సగమే మూసుకుంటుందని రాసి ఉంది. పైకి చదవలేదు, ఆమె ముఖం చూసి మాకు అర్థమైంది. అయినా ఫోటోలు తీసి ఆసుపత్రికి పంపింది.

మర్నాడు అక్కడి వాలంటీర్ ఫోన్ చేసింది. పెద్దావిడ, మెల్లగా మాట్లాడుతుంది. వెనక కాళ్ల ఫోటో పంపగలరా అని అడిగింది. తువ్వాలు మీద దాన్ని పట్టుకుని, కాలు బయటపెట్టే దాకా ఎదురుచూసి ఫోటో తీశాం. వెనక కాలికి మూడే వేళ్లు.

"బాక్స్ టర్టిల్," అంది ఆవిడ. పూర్తిగా మూసుకుంటుంది కాబట్టి ఆ పేరు. అందులోనూ మూడు వేళ్ల రకం, అమెరికాలో బాగా దక్షిణాన అడవుల్లో ఉండేది. ఇక్కడిదాకా నడిచి రాలేదు. ఎవరో ఎక్కడో పట్టుకుంటే, ఎవరో కొనుక్కుని పెంచి, ఎప్పుడో విసుగొచ్చి వదిలేసి ఉంటారు. ఫోటోల్లో దాని ముక్కు చూస్తే, అంతగా వంకరపోయి పెరిగిందంటే ఏళ్ల తరబడి తిండి సరిగా పెట్టలేదన్నమాట. మా దగ్గర ఇక్కడి జాతులకే అనుమతి, పైగా వాటికి జబ్బులు అంటుకుంటాయేమో, తీసుకోలేం, క్షమించండి అంది.

"అయితే బాగయ్యాక మేమే అడవిలో వదిలేయచ్చా?" అని నేనడిగాను.

"వద్దు. ఈ చలికి బతకదు. బతికినా ఇక్కడి తాబేళ్లకి ప్రమాదం. దాని చోటు ఏదో తెలిస్తే కొంత ఆలోచించేవాళ్లం. తెలియదు కదా. ఈ తాబేళ్లు పుట్టిన చోటుని మరిచిపోవు. ఎక్కడ వదిలినా దానికోసం వెతుక్కుంటూ నడుస్తూనే ఉంటాయి."

ఫోన్ పెట్టేశాక అమ్మాయి, ఏజాక్స్ అనే ఊరి వైపు పాములూ తాబేళ్లూ పెట్టుకునే షెల్టర్ ఉందని కనుక్కుని వాళ్లకి కాల్ చేసింది. ఖాళీ లేదు, వెయిటింగ్ లిస్ట్‌లో రాసుకుంటాం అన్నారు. ఇంకో చోట అసలు ఫోనే ఎత్తలేదు.

ఆ వారంలోనే తాబేళ్లని చూసే క్లినిక్ ఒకటి దొరికింది. నేను పనిచేసే ఆసుపత్రిలో షిఫ్ట్ మార్చుకున్నాను, మావారు లీవ్ పెట్టారు. డాక్టరమ్మ చిన్న వయసు, మంచి మనిషి. దాన్ని తూచి, చూసి, ఎక్స్‌రే తీసి స్క్రీన్ మీద పెట్టింది. చిప్ప లోపల తెల్లగా, గుండ్రంగా నాలుగైదు కనిపించాయి.

"గుడ్లు," అన్నారు మావారు తెలుగులో, ఆమె నోరు తెరవక ముందే.

"బేబీస్?" మా అమ్మాయి ముఖం వెలిగింది.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. పాత గుడ్లు, ఎప్పటినుంచో లోపలే ఉండి గట్టిపడిపోయాయి, మగ తాబేలు లేకుండా వచ్చినవే అయి ఉంటాయి. పెట్టడానికి మట్టి దొరకలేదేమో. ఊపిరితిత్తులు కూడా బాగా చెడ్డాయి. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే మత్తుకే పోతుంది. ఇంజెక్షన్లు చేసి, వెచ్చగా ఉంచి, తింటుందేమో చూడొచ్చు. కోలుకుంటే అప్పుడు ఆపరేషన్. అన్నీ దాటితే ఇంకో ముప్ఫై నలభై ఏళ్లు కూడా బతకొచ్చు, గాజు తొట్టెలో. లేదంటే ఇవాళే సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చవచ్చు. మీరే చెప్పాలి.

నాకు ఎందుకో నోరాగలేదు. "ఆయన కూడా వెటర్నరీ డాక్టరేనండి, ఇండియాలో," అని ఇంగ్లీషులో అనేశాను.

ఆమె నిజంగా సంతోషించింది. ఆయన వైపు తిరిగి, అయితే మీరేమంటారు డాక్టర్ అని అడిగింది. ఆ మాటతో ఆయనని పిలిచి ఎన్నేళ్లయిందో. ఆయన ఎక్స్‌రే నుంచి చూపు తిప్పలేదు.

"ఇక్కడ నేను డాక్టర్ని కాదు," అన్నారు.

మా అమ్మాయి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని "ప్లీజ్ డాడీ" అంది.

"ట్రై చేద్దాం," అన్నారాయన.

తర్వాతి రోజుల్లో మా బేస్‌మెంట్ ఆసుపత్రి అయిపోయింది. దీపం కింద పెట్టె, థర్మామీటర్, గోరువెచ్చని నీళ్ల బేసిన్. ప్లాంట్ నుంచి రాగానే ఆయన చేతులు మోచేతుల దాకా కడుక్కుని కిందికి వెళ్లేవారు. ముందుకాలు బయటికి వచ్చే దాకా కదలకుండా కూర్చుని, రాగానే రెండు వేళ్లతో ఒడుపుగా పట్టుకుని సూది వేసేవారు. అది ఒక్కసారి కూడా గింజుకోలేదు. అమ్మాయి తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడేది. తండ్రి చేతులు ఇట్లా పనిచేస్తాయని ఆ పిల్లకి తెలియదు. మాకు ఇక్కడే పుట్టింది, ఆయన చేతిలో ఎప్పుడూ టిఫిన్ బాక్సే చూసింది.

ఒక పొద్దున తాబేలు టమాటా ముక్కని కొరికింది. ఒకే ఒక్క కాటు. అమ్మాయి మెట్ల మీద నుంచే అరిచింది, నేను దోసె వదిలేసి కిందికి పరుగెత్తాను. ఆ సాయంత్రం మావారు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటే, టీ ఇవ్వడానికి వెళ్లి చూశాను. పరీక్ష వాళ్ల పేజీ తెరిచి ఉంది. నేనేమీ అడగలేదు. అడిగితే మూసేస్తారని భయం.

ఆ తర్వాత అది ఏమీ తినలేదు. కళ్లు వాచి మూసుకుపోయాయి. ఊపిరి తీస్తుంటే ముక్కు దగ్గర బుడగలు వచ్చేవి, పెట్టె బయటికే ఆ చప్పుడు వినిపించేది. అయినా దీపం వేడికి కాస్త ఓపిక వస్తే లేచి పెట్టె గోడ వెంట నడిచేది. మూలకి వెళ్లి, అట్టని గోళ్లతో గీకి, అలసిపోయి అక్కడే పడుకునేది. మళ్లీ అదే మూల.

"బాగైతే ఎక్కడ పెడదామండీ?" అన్నాను, వంటగదిలో ఇద్దరమే ఉన్నప్పుడు.

"బాగవదు."

"మందు ఇంకా ఉంది కదా."

"మందు దానికి కాదు, మనకి. నాకు మొదటి రోజే తెలుసు. పిల్ల అడిగిందని సరే అన్నాను." సింకులో గ్లాసు కడుగుతూ, "నాకూ చేయాలనిపించింది," అన్నారు.

మర్నాడు అమ్మాయికి ఆయనే చెప్పారు. ఆ పిల్ల ఏడవలేదు. కోపంగా చూసింది.

"యూ సెడ్ వి విల్ ట్రై."

"ట్రై చేశాం కదమ్మా. దానికి ఊపిరాడటం లేదు. మన కోసం దాన్ని అట్లా ఉంచకూడదు."

"యూ గేవ్ అప్. యూ ఆల్వేస్ గివ్ అప్."

ఆ మాట వెనక ఉన్నదేమిటో మా ముగ్గురికీ తెలుసు.

క్లినిక్‌కి అమ్మాయి రాలేదు. డాక్టరమ్మ ముందు మత్తు ఇచ్చింది. తాబేళ్లు తొందరగా పోవు, గుండె చాలాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది, మీరు ఉండనక్కర్లేదు అంది. ఆయన ఉంటానన్నారు. అంతసేపూ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కిందిచిప్ప మెల్లగా వదులై, తల బయటికి వేలాడింది. మూసుకునే బలం పోయాక మొదటిసారి దాని మెడ పూర్తిగా చూశాను. ముడతలు, వాటి మధ్య పసుపు చుక్కలు. మాది అద్దె ఇల్లు, పాతిపెట్టడానికి మట్టి లేదు. అక్కడే వదిలేసి వచ్చాం.

పెట్టె, దీపం నేనే తీసేశాను. లాప్‌టాప్‌లో ఆ పేజీ మళ్లీ కనిపించలేదు. ఒకరోజు ధైర్యం చేసి, "స్ప్రింగ్‌లో పరీక్షకి అప్లై చేస్తారా?" అని అడిగాను.

"వదిలెయ్," అన్నారు. అంతే. పొద్దున్నే షిఫ్ట్ ఉందని పడుకున్నారు.

క్రిస్మస్ ముందు ఫెలోషిప్‌లో ఒకావిడ వాళ్ల కుక్క ముందుకాలు ఎత్తి నడుస్తోందని, కారులోనే ఉంది, అంకుల్ ఒక్కసారి చూస్తారా అని అడిగింది. కారు పార్కింగ్‌లో మా కారు పక్కనే ఉంది. కుక్క కిటికీ అద్దానికి ముక్కు ఆనించి మమ్మల్నే చూస్తోంది.

"నాకు తెలియదమ్మా. క్లినిక్‌కి తీసుకెళ్లండి," అన్నారు మావారు.

ఆవిడ సరేనని వెళ్లిపోయింది. మా అమ్మాయి ఆయన వైపు చాలాసేపు చూసింది. ఇప్పుడు పిల్ల చూపులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

"యూ డూ నో, డాడీ," అంది మెల్లగా.

"సీట్‌బెల్ట్ పెట్టుకో," అన్నారు ఆయన, అద్దం మీది మంచు గీకుతూ.