సింహం ముద్ర, ఎగిరిపోయిన గూడబాతు

మా బోర్డు ముద్రలో సింహం ఉండేది. మా ప్రాంతంలో సింహం లేదు. మా తాతల నాడూ లేదు. నీళ్ళు, వరి, చేప, పక్షి తప్ప ఇంకొకటి ఎరగని నేలకు ఎవరో అడవి మృగాన్ని తెచ్చి గుర్తుగా తగిలించారు. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఆ రోజుల్లో, అంటే ఖద్దరు టోపీ పెట్టుకున్నవాణ్ణి పోలీసు రెండుసార్లు తిరిగి చూసే ఆ ముప్పైల్లో, నేను ఏలూరులో, ఊళ్ళ రోడ్లూ బడులూ చూసే ఒక బోర్డు ఆఫీసులో తపాలా గుమాస్తాని. (బోర్డు పేరు చెప్పను. అది పోయింది, సింహమూ పోయింది.) థర్డు ఫారంతో బడి మానేసి, చిత్తుకాగితాల కొట్లో దొరికిన పుస్తకాలతో చదువుకున్నవాణ్ణి కనక, నాకు తెలియని సంగతి లోకంలో లేదని నా నమ్మకం. ఉద్యోగం మాత్రం తాత్కాలికం. ఖాయం చేసే కాగితం ఆర్నెల్లుగా ప్రెసిడెంటుగారి సంతకానికి ఎదురుచూస్తోంది. ఇంటి దగ్గర మా అమ్మా, ఇద్దరు చెల్లెళ్ళూ దానికోసమే ఎదురుచూస్తున్నారు. వచ్చే కాగితం మీదా పోయే కాగితం మీదా ఇత్తడి ముద్ర కొట్టడం నా పని. అరిగి అరిగి ఆ సింహం తడిసిన పిల్లిలా పడేది. కొట్టినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

అలా ఉండగా, కొత్త భవనంలోకి మారుతున్నాం కనక ముద్రా జెండా కూడా మారుస్తామనీ, తోచినవారు బొమ్మలు పంపవచ్చుననీ బోర్డువారు నోటీసు అంటించారు. ఆగగలనా? కొల్లేటి నీళ్ళు, ఒక దోనె, వరి కంకి, వాటి పైన రెక్కలు బార్లా చాపి ఎగురుతున్న, ముక్కు కింద సంచీ ఉండే మా గూడబాతు గీశాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. నాలుగు పేజీల ఉత్తరం కూడా జతచేశాను. 'ఈ సింహము మన వైపున ఏ చేనికి కాపలా కాసినది? ఏ దోనె ఎక్కినది? దీనిని ఇంకను మోయువారికి సిగ్గు లేదా?' అని అడిగి, కింద నా పూర్తి పేరు రాసి పోస్టులో వేశాను. ఆ కవరు మర్నాడు ఎవరి బల్ల మీదికి వస్తుందో మాత్రం ఆలోచించలేదు. నా బల్ల మీదికే వచ్చింది! నేనే విప్పి, నేనే రిజిస్టరులో ఎక్కించి, సింహాన్ని తిట్టిన ఉత్తరం మీద సింహాన్ని నా చేత్తోనే కొట్టాను. అప్పుడు పట్టుకుంది వణుకు. సింహమంటే దొరల గుర్తు. దాన్ని తిట్టినవాడికి ఉద్యోగం ఖాయం చేస్తారా, జైలు ఖాయం చేస్తారా? చింపేద్దామంటే పక్కనే హెడ్డు గుమాస్తాగారు. (నస్యం మనిషి, చాటుగా పొడుంగారు అనేవాళ్ళం.)

"ఏమయ్యా, ఆ చెమటలేంటి?"

"ఉక్కగా ఉందండీ."

"మాఘమాసంలో ఉక్కేంటయ్యా!" అంటూ కవరు పట్టుకుపోయారు.

ఆదివారం రైలెక్కి తాడేపల్లిగూడెం దగ్గర మా పెద్దమ్మగారి ఊరు వెళ్ళాను. అక్కడి తాటిచెట్ల నిండా గూడబాతుల గూళ్ళే. అవి గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే నెలల్లో ఆ ఊళ్ళో పెళ్ళికైనా బాజా మోగనివ్వరు. పక్షి అలిగి వెళ్ళిపోతే పంటా దాని వెంటే పోతుందంటారు. ధైర్యం చెబుతుందేమోనని బొమ్మ నకలు చూపించాను. పెద్దమ్మ కళ్ళు చికిలించి చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఒరే అబ్బాయ్, ఇది ఎగిరిపోతోంది కదరా!"

"పక్షి కదా పెద్దమ్మా, ఎగరదూ?"

"జెండా మీంచే ఎగిరిపోతే ఇంకేం మిగుల్తుందిరా? గూట్లో కూచోబెట్టాలి గానీ! మీ బోర్డులో అంతా ఈ చుట్టుపక్కల వాళ్ళేగా, ఊళ్ళు పాడవ్వాలని శాపం పెట్టావనుకుంటారు. అన్ని పుస్తకాలు నమిలావు, ఇది తెలీలేదా?"

ఆ తాటిచెట్ల కింద ఆడుకున్నవాణ్ణే. కానీ ఇంగ్లీషు పుస్తకాల్లో జెండా పక్షులన్నీ రెక్కలు చాపి ఉంటాయి కనక నేనూ చాపించాను. దొరల సింహాన్ని తిట్టిన పెద్దమనిషిని, దొరల రెక్కలే తెచ్చి మా పక్షికి అతికించాను!

రాత్రికి రాత్రి పక్షిని గూట్లో కూర్చోబెట్టి ఇంకో బొమ్మ గీసి, సోమవారం అందరికన్నా ముందు ఆఫీసుకు వెళ్ళి ప్రెసిడెంటుగారి ఫైలులో చెయ్యి పెట్టాను.

"ఏం వెతుకుతున్నావయ్యా?" వెనక పొడుంగారు.

"పక్షిని కూర్చోబెడదామనండీ..."

"గడువు శనివారంతో సరి. నీ ఉత్తరం ప్రెసిడెంటుగారికి నేనే చదివి వినిపించాను. మొదటి రెండు పేజీలకీ నవ్వారు. తర్వాత రెండింటికీ నవ్వలేదు."

"ఏమన్నారండీ?"

"ఏమీ అన్లేదు. నీ ఖాయం కాగితం తెమ్మన్నారు."

"చింపడానికాండీ?"

"ప్రెసిడెంటుగార్ని ఎందుకని అడుగుతామా ఏంటయ్యా!"

తర్వాత పదకొండు రోజులు, దొంతరలో ప్రతి కాగితం మీదా ముందు నా పేరే వెతికాను. పన్నెండో రోజున, ముద్ర కొట్టాల్సిన దొంతరలో నా పేరుకే ఒక కాగితం వచ్చింది. కళ్ళు మూసుకుని కొట్టి, అప్పుడు చదివాను.

ఆ బోర్డు ఉన్నన్నాళ్ళూ సింహం అలాగే ఉంది. ఆ కోపం నాకింకా తగ్గలేదు. కానీ ట్రంకుపెట్టె తీసి, పచ్చబడ్డ ఆ కాగితం చూసినప్పుడల్లా, తన ఉత్తరానికి తనే ముద్ర కొట్టుకుని వణికిన ఆ కుర్రగుమాస్తా మీద జాలీ నవ్వూ కలిసి వస్తాయి. అందులో ఉన్నది ఇంతే:

"తాము పంపిన బొమ్మ చూచితిమి. పక్షి ఎగిరిపోవుచున్నందున దానిని జెండా మీద ఉంచుటకు సభ్యులలో ఒక్కరును ఒప్పుకొనలేదు. ముద్ర యథాప్రకారము ఉండును. తమ ఉత్తరము మీద సింహము తలక్రిందులుగా పడినది. ఈ నెల మొదలు తాము ఖాయము గుమాస్తా గనుక, ఇకమీదట తిన్నగా కొట్టవలెను."