ఆర్డెన్ జాస్ట్రో ఒప్పుకున్న ఒక్క బోర్డు

ఆర్డెన్ జాస్ట్రో మా టౌనులో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా బస్సు రోడ్డు పక్క గుంటలోకి జారలేదు. ఉత్తర విస్కాన్సిన్ చలికాలంలో అది ఎంత పెద్ద మాటో ఇక్కడ బండి నడిపిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాంటి మనిషిని మేం దొంగని చేసి ఇంట్లో కూర్చోబెట్టాం. మేం అంటున్నాను. వాళ్ళు అనేసి తప్పించుకుందామని చాలాసార్లు చూశాను గానీ నోరు రావడం లేదు.

బస్సుల షెడ్డులో నేను డ్రైవర్లతో మాట్లాడే రేడియో దగ్గర కూర్చుంటాను. ఏ బస్సు ఎక్కడుందో, ఎవరికి ఆలస్యమైందో చూసుకోవడం నా పని. పొద్దున్న ఐదింటికి నేను వెళ్ళి తాళం తీసేసరికి ఆర్డెన్ బయట నిలబడి ఉండేవాడు. ఒకప్పుడు ఆయనకి నలభై ఆవులుండేవి. వాటిని అమ్మేసి పన్నెండేళ్ళయినా నాలుగింటికి లేవడం మాత్రం మానలేదు. "ఆవులు పోయాయి గానీ మెలకువ పోలేదమ్మా లవోన్" అనేవాడు. ఆరో నంబరు బస్సు ఇంజను వేడెక్కే లోపు లోపలంతా ఊడ్చేవాడు. డ్రైవరు సీటు వెనక ఒక అట్టపెట్టె ఉండేది. దాన్నిండా ఊలు చేతితొడుగులు. తొడుగులు మర్చిపోయి వచ్చే పిల్లల కోసం ఆయన భార్య ఎల్వా అల్లినవి. ఎల్వా చనిపోతే శనివారం సమాధి చేశాం. సోమవారం ఆర్డెన్ బస్సెక్కాడు. తొడుగులు ఉతికి ఆరేసే పని ఆ తర్వాత ఆయనే చూసుకున్నాడు. ఇల్లూ పొలమూ రెండూ ఖాళీ అయిపోయిన మనిషికి ఆ బస్సే మిగిలింది. ఇది మా అందరికీ తెలుసు. తెలిసే చేశాం.

మాకు టౌను ఎన్నికలు ఏప్రిల్ మొదటి మంగళవారం వస్తాయి. అంటే ప్రచారమంతా మంచులోనే. పద్దెనిమిదేళ్ళుగా ఓరిన్ అనే రైతు చైర్మన్. ఎల్వాకి తమ్ముడు, అంటే ఆర్డెన్‌కి బావమరిది. ఆయన మీద ఈసారి లైల్ కుబియాక్ నిలబడ్డాడు. లైల్ ఆరేళ్ళ కిందట మిల్వాకీ నుంచి వచ్చి చెరువు ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. మాట తీపి. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కాగితం. అరవై నాలుగు నీలం బోర్డులు అచ్చేయించాడు. ప్లాస్టిక్ అట్ట, కింద రెండు ఇనప తీగ కాళ్ళు, మీద తన పేరు.

మార్చిలో నేల బండరాయిలా గడ్డకట్టుకుని ఉంటుంది. తీగ దిగదు. అందుకే ఓరిన్ లాంటి పాత కాపులు తమ బోర్డుల్ని పొలాల కంచెలకి, గడ్డిమోపులు కట్టే పురికొసతో కట్టేస్తారు. లైల్‌కి ఆ సంగతి తెలియదు. అడిగితే చెప్పేవాళ్ళం, ఆయన అడిగే రకం కాదు. తన మద్దతుదార్ల ఇళ్ళ ముందు రోడ్డు వారన పేరుకున్న మంచు గట్టుంటుంది కదా, అది మెత్తగా కనపడింది. అరవై నాలుగూ దాన్లో గుచ్చి వెళ్ళిపోయాడు. మార్చి పదమూడున పద్నాలుగు అంగుళాల మంచు పడింది. తెల్లారేసరికి మంచు తోసే బండి వచ్చి రోడ్డు శుభ్రం చేసి పోయింది. ఓరిన్ బోర్డులు కంచెల మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. లైల్‌వి ఒక్కటీ లేదు.

ఇందులో తల బద్దలు కొట్టుకోవాల్సిందేముంది? మంచు తోసే బండి పక్కరెక్క గట్టుని గీక్కుంటూ పోతుంది. గట్టులో ఏదుంటే అది, ఉత్తరాల డబ్బా అయినా సరే, ఎత్తి గుంటలో పారేస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగిన ప్రతివాడికీ తెలిసిన, ఏటా జరిగే భాగోతమే. అయినా ఆ వారం మా టౌనులో ఒక్కరికీ ఆ బండి గుర్తు రాలేదు. గుర్తొస్తే వినోదం పోతుంది. దొంగ ఉంటేనే కథ.

ఆ శుక్రవారం సాయంత్రం బార్‌లో, ప్రతి వారం లాగే, చేపల వేపుడు. టౌను సగం అక్కడే ఉంది. లైల్ ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి తన గోడు వెళ్ళబోసుకుంటున్నాడు. ఎవరో కావాలనే తీశారని, ఇది ప్రజాస్వామ్యం మీద దెబ్బ అని. నేను రెండో బీరు మీదున్నాను. అంతకు ముందురోజు ఎవరో పిల్ల లంచ్ డబ్బా పోయిందంటే వెతకడానికి ఆరో నంబరు ఎక్కాను. తొడుగుల పెట్టె వెనక ఒక నీలం బోర్డు కనపడింది. దాన్ని గురించి నేనేమీ అనుకోలేదు. కానీ నలుగురూ నవ్వుతారనుకుని, "ఒకటి మా ఆర్డెన్ బస్సులో చలి కాచుకుంటోంది లైల్, వెళ్ళి తెచ్చుకో" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. చేపముక్కలు నోటి దగ్గర ఆగిపోయాయి. ప్రతి ఇంటి ముందు నుంచీ రోజుకి రెండుసార్లు వెళ్ళేది ఎవరు? ఓరిన్‌కి బావ ఎవరు? లెక్క క్షణంలో కుదిరిపోయింది. నేను సర్దబోయాను. అప్పటికే నా మాట నాది కాకుండా పోయింది.

సోమవారం పొద్దున్నే లైల్ షెడ్డుకి వచ్చాడు. వెంట బస్సుల కంపెనీ యజమాని డ్వైట్. డ్రైవర్లంతా కాఫీ తాగుతున్నారు. డ్వైట్ నేల చూపులు చూస్తూ ఆర్డెన్‌ని అడిగాడు, లైల్ బోర్డులు ఏమైనా తీశావా అని. ఇంకెవరైనా అయితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాళ్ళు, లేదా నాకేం తెలుసు అని గద్దించేవాళ్ళు. ఆర్డెన్ కాఫీ కప్పు కింద పెట్టి, "తీశాను. ఒకటి" అన్నాడు.

"మిగతావి?" అన్నాడు లైల్.

"మిగతావి నాకు తెలీదు. ఆ ఒక్కటీ మలుపు దగ్గర పిల్లలెక్కే చోట గుచ్చావయ్యా. ఎదురొచ్చే బండి కనపడటం లేదు. నీకే ఇద్దామని సీటు వెనక పెట్టాను. ఈలోగా తుఫాను వచ్చింది, మర్చిపోయాను. తప్పు నాదే." వెళ్ళి ఆ బోర్డు తెచ్చి లైల్ చేతికిచ్చాడు.

"ఒకటి తీసిన చేతికి అరవై నాలుగు ఎంతసేపు పెద్దాయనా?" అన్నాడు లైల్, ఎంతో జాలిగా.

ఆ జాలి చూసి నాకు ఒళ్ళు మండింది. మండి ఏం చేశాను? రేడియో సౌండు కొంచెం పెంచాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు పక్కన కాఫీ తాగిన డ్రైవర్లు దొంగకి తేలు కుట్టినట్టు గమ్మున కూర్చున్నారు. నిజానికి ఆ గదిలో దొంగలెవరైనా ఉంటే వాళ్ళూ నేనే.

తర్వాత రెండు రోజుల్లో పదకొండు మంది తల్లిదండ్రులు ఫోన్ చేశారు, దొంగ నడిపే బస్సులో మా పిల్లల్ని ఎక్కించం అని. ఆ పదకొండు ఫోన్లూ ఎత్తింది నేనే. వాళ్ళలో నలుగురు చిన్నప్పుడు ఆర్డెన్ బస్సులోనే స్కూలుకి వెళ్ళారు, ఎల్వా అల్లిన తొడుగులు వేసుకుని. గొడవ చల్లారేదాకా కాస్త విశ్రాంతి తీసుకోమన్నాడు డ్వైట్. ఆర్డెన్ తాళంచెవి బల్ల మీద పెట్టాడు. తొడుగుల పెట్టె తీసుకెళ్ళమని నేను గుర్తు చేశాను. "అవి బస్సువమ్మా" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

లైల్ పదకొండు ఓట్ల తేడాతో గెలిచాడు. పాపం బోర్డులు పోగొట్టుకున్నవాడు కదా అని వేసిన ఓట్లు అంతకు రెట్టింపు ఉంటాయి. నా ఓటు ఓరిన్‌కే వేశాను. దాని వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

ఏప్రిల్ నెలాఖరుకి మంచు కరిగింది. ఏటా ఆ రోజుల్లో ఒక శనివారం చర్చి తరఫున మగవాళ్ళు రోడ్డు పక్క గుంటల్లో చెత్త ఏరుతారు. ఆర్డెన్‌కి ఒక రెండు మైళ్ళ వాటా ఉంది. ఈసారి ఆయన పక్కన నడవడానికి ఎవరూ రాలేదు. నేను కారులో అటు వెళ్తుంటే నారింజ రంగు చొక్కా వేసుకుని గుంటలో ఒక్కడే వంగి కనపడ్డాడు. పక్కన గడ్డి మీద నీలం బోర్డుల దొంతర. కారాపి దిగాను. గుంట పొడుగునా ఉన్నాయి, ఎండిన గడ్డిలో, బురదలో, బీరు డబ్బాల మధ్య. తీగ కాళ్ళు మెలికలు తిరిగిపోయాయి. ఒకదాని మీదైతే ఈ మూల నుంచి ఆ మూలకి గీత, ఆ గీత నిండా మంచు తోసే బండి రెక్క తాలూకు నారింజ పెయింటు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇవి ఇక్కడే వదిలెయ్, టౌనంతా వచ్చి చూడాలి అన్నాను.

"పరాయివాడి వస్తువమ్మా. చెత్తలో ఎలా వదిలేస్తాం?" అన్నాడు ఆర్డెన్.

ఇద్దరం సాయంత్రం దాకా ఏరాం. ఆయన వాటా అయిపోయాక పక్క రోడ్లకి కూడా వెళ్ళాం. యాభై ఎనిమిది దొరికాయి. పెయింటు గీత ఉన్నదాన్ని నా కారులో పెట్టుకున్నాను. అది లైల్‌ది, అడిగి తీసుకో అన్నాడాయన. అడుగుతాలే అన్నాను. అడగలేదు. ఆ వసంతంలో లైల్ బోర్డుని దొంగతనం చేసిన మనిషి అంటూ ఉంటే అది నేను.

మిగతా యాభై ఏడూ ఆర్డెన్ బురద తుడిచి, కాళ్ళు వంపులు తీసి, లైల్ ఇంటి ముందు గడ్డిలో వరసగా పాతి వచ్చాడు. లైల్ అప్పుడు ఇంట్లో లేడు. నేల మెత్తబడింది, చక్కగా దిగాయి. చీటీ ఏమీ పెట్టలేదు. ఆయనకి అలాంటివి తోచవు.

ఆ రాత్రికే కబురు టౌనంతా పాకింది. ఏమని? దొంగకి మనస్సాక్షి కుట్టి తెచ్చి పెట్టేశాడని. ఎవరూ చూడకుండా పెట్టి పోయాడని. ఇంకా ఆరు ఎక్కడ దాచాడో అని లైల్ జోకు కూడా వేశాడట. ఆదివారం మధ్యాహ్నం వాటన్నిటినీ ఇనప పీపాలో వేసి తగలబెట్టాడు. కాలిన ప్లాస్టిక్ కంపు చెరువు చుట్టూ రెండు రోజులు వదల్లేదు. నాకు మాత్రం అది మా అందరి కంపులానే తగిలింది.

అప్పుడు నా కోపం నా బుర్రని తినేసింది. మిగిలిన ఒక్క బోర్డునీ, వంకర కాళ్ళతో, నారింజ గీతతో, అలాగే నా ఇంటి ముందు పాతాను. చూసేవాళ్ళు చూడండి అని. కార్లు నెమ్మదించేవి, తలలు తిరిగేవి, మళ్ళీ ముందుకి పోయేవి. పాస్టరు గారి భార్య ఆగి, "అయిపోయిందిగా లవోన్, ఇంకా ఎందుకమ్మా తవ్వడం?" అంది. అయిపోయింది ఆర్డెన్‌కి కదా, ఆవిడకేం.

డ్వైట్ ఆ వారమంతా ఊళ్ళో లేడు. ఫోన్‌లో మొత్తం చెప్పాను. కొత్త స్కూలు ఏడు మొదలయ్యే సెప్టెంబరు నుంచి ఏ బస్సు ఎవరికో సోమవారం ఖాయం చేస్తున్నానని, ఆ గీత తన కళ్ళతో చూస్తే తల్లిదండ్రులతో తనే మాట్లాడి ఆరో నంబరు ఆర్డెన్‌కి తిరిగి ఇస్తానని అన్నాడు. ఆ మాట చాలనుకున్నాను. బోర్డు తీసి లోపల దాచిపెట్టాల్సింది. దాచకపోగా శుక్రవారం బార్‌కి వెళ్ళి, ఇదే బోర్డు సోమవారం డ్వైట్ బల్ల మీద ఉంటుంది, అప్పుడు మీ మొహాలు చూస్తాను అని అరిచి వచ్చాను. ఒకసారి నోరు జారి ఆయన కొంప ముంచానా, రెండోసారీ అదే బార్‌లో అదే నోరు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గడ్డిలో రెండు కన్నాలు మాత్రం ఉన్నాయి.

ఎవరు తీశారో నాకు తెలియదు. ఆ పూట చర్చిలో కనపడని వాళ్ళని లెక్కపెడదామనుకున్నాను, కాసేపటికి ఆ పని మీదే అసహ్యం వేసింది. ఎవరైనా తీసి ఉండొచ్చు. తాము తప్పు చేశామని ఒప్పుకోవడం కన్నా ఒక బోర్డు లాగేయడం తేలిక.

సోమవారం డ్వైట్ ముందు ఉత్త చేతుల్తో నిలబడ్డాను. బోర్డు ఏదన్నాడు. నిన్న ఎవరో నా ఇంటి ముందు నుంచి ఎత్తుకుపోయారని చెప్పాను.

"ఎవరు, ఆర్డెనా?" అన్నాడు డ్వైట్.

కాఫీ తాగుతున్న డ్రైవర్లందరూ నవ్వారు. ఆరో నంబరు అప్పటికప్పుడే ఇంకొకడి పేరున రాసేశాడు డ్వైట్. నేను నా కుర్చీలో కూర్చుని రేడియో పెట్టాను. ఉద్యోగం మానలేదు. మానేంత గొప్పదాన్నయితే ఇదంతా జరిగేదే కాదు.

ఆర్డెన్ ఇప్పటికీ నాలుగింటికే లేస్తాడు. నేను షెడ్డుకి వెళ్ళే దారిలో ఆయన వంటింట్లో లైటు వెలుగుతూ కనపడుతుంది. ఇంతవరకు ఒక్కసారి కూడా కారాపలేదు.