కుక్క ఒక్కటే వచ్చింది

వానాకాలంలో దర్జీ పెద్దాయన కుక్కను తిప్పి తెచ్చాక గడప దాటనివ్వడు. పాత తువ్వాలు పరిచి, ఒక్కో పాదాన్నీ గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో ముంచి, వేళ్ళ సందుల్లోని బురద తీసి, పసిబిడ్డకు అద్దినట్టు తడి అద్దుతాడు. ఇంట్లో మరక పడదు.

ఆ సాయంత్రం కుక్క ఒక్కటే గొలుసు ఈడ్చుకుంటూ వచ్చింది. బురదకాళ్ళతో వంటింట్లోకి దూరి కోడలి కొంగు పట్టి లాగింది. ఆమె చెప్పులైనా వేసుకోకుండా దాని వెంట పరుగెత్తింది. వీధి చివర మురుగుకాలవలో, నడుంలోతు బురదలో, ఆయన గట్టు పట్టుకుని నిలదొక్కుకుంటున్నాడు.

"మామయ్యా!"

"అరవకమ్మా, నలుగురూ చూస్తారు. కాలు జారింది, అంతే."

పైకి లాగాక ఆయన ఆమె చెయ్యి వదల్లేదు. ఇల్లు చేరి కుర్చీలో కూర్చున్నాక కూడా వదల్లేదు.