బావగారి బండి మీద నా అయిదు వేళ్ళు

మొన్న ఆదివారం నా కుడిచెయ్యి నా పరువు తీసింది. మీరు కాఫీ తాగుతూ వినండి, నవ్వు మాత్రం చివరిదాకా దాచుకోండి.

మా ఆవిడ అన్నయ్య, బాపట్ల బావగారు, మమ్మల్ని చూడ్డానికొచ్చి, ఇటునుంచే పనిమీద మద్రాసు వెళ్తూ మోటారు సైకిలు మా రేపల్లె ఇంటి వసారాలో పెట్టి వెళ్ళాడు. దాని ముందు లైటు చుట్టూ ఎర్రటి ప్లాస్టిక్ డొప్ప ఉంటుంది. ఎక్కడినుంచో ప్రత్యేకంగా తెప్పించి బిగించుకున్నాడు. కన్నపిల్లలా చూసుకుంటాడు దాన్ని. వెళ్తూ వెళ్తూ బండి నడపమని అనలేదు, వద్దనీ అనలేదు. నేను నడిపాను.

తెనాలి రోడ్డు మీద రైతులు వరి పనలు పరిచారు, బస్సులు తొక్కితే గింజలు రాలతాయని. బండి గడ్డి మీద జారింది. నాకేం కాలేదు. డొప్ప మీద మాత్రం జానెడు గీత.

ఇంటికొచ్చేసరికి బల్లమీద బావగారి కార్డు. "ఆదివారం సాయంత్రం రైలుకి వస్తున్నాను. బండి జాగ్రత్త." ఆ రెండో మాట నాలుగుసార్లు చదివాను. అసలే మా పెళ్ళినాడు ఈ బడి మాస్టారు చేతికి చెల్లెల్ని ఇవ్వడమేంటని సణిగిన మనిషాయన.

మెకానిక్‌కి ఇస్తే బావగారి చెవిన పడుతుంది. నేనే రంగు వేద్దామని ఆదివారం పొద్దున్నే రంగుల కొట్టుకి వెళ్ళాను.

"దేనికి మాస్టారూ? ఇనుమా, చెక్కా?" అన్నాడు కొట్టాయన.

ప్లాస్టిక్ అంటే ఎవరి బండి, ఏమైంది అని మొదలెడతాడు. ఊళ్ళో అలాంటి డొప్ప ఇంకోటి లేదు మరి. "ఇనుమేనండి, కిటికీ ఊచలు" అన్నాను.

"అయితే గరుకు కాగితంతో రుద్దండి. థిన్నరుతో బాగా తుడవండి. ఆరాక రంగు వెయ్యండి."

అక్షరం తప్పకుండా అలాగే చేశాను. రుద్దితే గీత పోయింది. నాకు ధైర్యం వచ్చింది. డొప్పని విప్పి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో గట్టిగా అదిమిపట్టి, ఎడమచేత్తో సగం సీసా థిన్నరు పోసి తుడిచాను. కాసేపటికి చెయ్యి తీద్దామంటే రాదే. థిన్నరు ఇనుముని ఏమీ చెయ్యదు గానీ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుందట. గుంజితే వచ్చింది. డొప్ప మీద అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి, పిడక మీద పడ్డట్టు.

మా ఆవిడ టిఫిన్ ప్లేటుతో వచ్చి చూసింది. "ఇదేంటండీ, అప్పడాల పిండిలా అయిపోయింది?"

"రంగు వేస్తే కనపడదులే" అన్నాను.

రంగు వేశాను. ఆరేకొద్దీ గుంటలు నిగనిగలాడుతూ ఇంకా బాగా కనిపించసాగాయి. మధ్యాహ్నం నుంచి గడియారం చూడటం, డొప్ప చూడటం, చెమట తుడుచుకోవడం. ఆ భయంలో డొప్పని బండికి బిగించేసరికి రైలు కూత వినిపించింది.

బావగారు వచ్చాడు. కాఫీ కూడా ముట్టకుండా తిన్నగా వసారాలోకి నడిచాడు.

"ఇదేంటి బావా?"

"చిన్న గీత పడితే తెనాలిలో మెకానిక్‌కి ఇచ్చానండి. వాడే ఇలా చేశాడు."

ఆయన గుంటలకేసి వంగి చూశాడు. నా కుడిచెయ్యి పట్టుకుని, ఒక్కో వేలూ ఒక్కో గుంటలో పెట్టాడు. అన్నీ కుదిరాయి. ఉంగరం వేలి దగ్గర ఉంగరం గుంట కూడా ఉంది. పెళ్ళిలో ఆయన తొడిగిన ఉంగరమే. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పయిపోయింది బావగారూ. బాపట్లలో బాగు చేయించండి, డబ్బు నేనిచ్చుకుంటాను" అన్నాను.

ఆయన డొప్ప మీద ఒక్కో గుంటా వేలితో తడిమాడు. తరవాత మీసం కదిలింది. "వద్దులే, ఇలాగే ఉండనీ. ఎవరైనా అడిగితే మా బావ చేతి పని అని చెప్తా" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

అన్నంతపనీ చేశాడు. బాపట్లలో మొదలైన కథ కర్లపాలెం మీదుగా మూడురోజుల్లో రేపల్లె చేరింది. సాయంత్రాలు నేను పెద్దవాళ్ళకి చదువు చెప్పే బడి ఒకటుంది, నిన్న అక్కడ అరవై ఏళ్ళ తాత పలకమీద వంకరటింకరగా తన పేరు రాసి, నా చేతివంక చూసి ముసిముసిగా నవ్వాడు. ఏడాదిపాటు అరిచి ఇరవైమందికి వేలిముద్ర మాన్పించి సంతకం నేర్పాను. ఇప్పుడు మా బడిలో వేలిముద్ర వేసింది నేనొక్కణ్ణే. అదీ అయిదు వేళ్ళతో.